సంతకం పెట్టని కాగితం

నెల్లితోపు ప్రార్థన మందిరంలో తనను పాపి అని బోర్డు మీద రాశారన్న కబురు చేరేసరికి రామానుజం ఇడ్లీ తింటున్నాడు. కబురు తెచ్చినవాడు ఎదురింటి గురు. మార్కెట్టు వెనక పిండిమిల్లుకు మిరపకాయలు ఆడించుకోవడానికి పోతే అక్కడ రద్దీగా ఉందట. ఊరికే నిలబడలేక మిల్లు మేడెక్కి, అక్కడున్న మందిరం తలుపు తీసి ఉంటే లోపలికి తొంగి చూశాడట.

"నల్లబోర్డు మామా. పైన 'పాపులు' అని పెద్దగా రాసుండాది. కింద మీ పేరు. కె. రామానుజం."

"ఇనిషియల్ సరిగ్గా రాసినారా?"

"సరిగ్గానే రాసినారు."

అయితే ఇంకొకరని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. రామానుజం మిగిలిన ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నా పేరు నువ్వా రాయించింది?"

అంబుజం చట్నీ గిన్నె మీద మూత పెట్టింది. "నేనే."

"ఎందుకు?"

"ప్రార్థన చేస్తారని."

"పాపి అని రాస్తేగానీ చెయ్యరా?"

"దానికే గదా చేసేది" అంది అంబుజం.

ఆమె ఆ మందిరానికి పోవడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. మొదట పోయింది తన కోసం కాదు. పక్కింటి వల్లికి మెట్లెక్కడం కష్టమని చెయ్యి పట్టుకుని ఎక్కించడానికి పోయింది. తర్వాత వల్లి మోకాలికి ఆపరేషన్ అయి పోవడం మానేసింది. అంబుజం మానలేదు. రామానుజం అడ్డు చెప్పలేదు. ఆయన శనివారం పెరుమాళ్ కోవిలకు పోతాడు, ఆమె ఆదివారం మందిరానికి పోతుంది, వంట ఆలస్యం కాదు. దేవుడి విషయంలో ఆయనకు ఎవరితోనూ తగాదా లేదు. కానీ ఇది దేవుడి విషయం కాదు. తన విషయం.

రామానుజానికి అరవై నాలుగేళ్ళు. తట్టాంచావడిలో స్టీలు డబ్బాలకు మూతలు కొట్టే ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు చెకింగ్ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాడు. సొట్ట ఉన్న మూతను చూడకుండా, వేలితో తడిమి చెప్పగలడు. రిటైరయ్యాక మూతలు లేకపోవడంతో ఆ చూపు ఇంటి మీద, వీధి మీద పడింది. పాలవాడి కొలతలో, టౌన్‌బస్సు కండక్టరు మర్యాదలో, పెళ్ళిపత్రికల తేదీల్లో ఆయన తప్పులు పట్టాడు. తనలోనూ వెతికాడు, వెతకలేదని కాదు. దొరకలేదు. పుదుచ్చేరిలో పుట్టి అరవై నాలుగేళ్ళు సారాయి ముట్టకుండా ఉన్నవాడు ఇంకేం వెతుక్కోవాలి?

మంగళవారం పొద్దున పదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని మందిరానికి బయల్దేరాడు. పేరు తుడిపించి రావడానికి.

పాస్టరు విజయరంగన్ ఒకప్పుడు ప్రైవేటు టౌన్‌బస్సులో కండక్టరు. పదిహేనేళ్ళు స్టాపుల పేర్లు అరిచి అరిచి ఆయన గొంతు జీరపోయింది. ఇప్పుడు ఎంత మెల్లగా మాట్లాడినా మనుషుల్ని బస్సు లోపలికి జరగమంటున్నట్టే ఉంటుంది. ఆయన ఇంట్లోనూ తెలుగే. ఈ ఊళ్ళో చాలామంది తెలుగువాళ్ళలాగే ఆయనకూ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. బోర్డు మీద రాసిందంతా తమిళమే.

"రాండి సార్, కూచోండి" అన్నాడు విజయరంగన్, నేల తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి.

"కూచోడానికి రాలేదు. నా పేరు తీసెయ్యాల."

"చూసినారా బోర్డు?"

అప్పుడు చూశాడు రామానుజం. తన పేరు పదిహేడవది. మొదటి పేరు వి. విజయరంగన్. తర్వాత విజయరంగన్ భార్య. తర్వాత అంబుజం. తర్వాత రామానుజానికి తెలిసిన రేషన్ షాపు ఆయన, తెలియని మరికొందరు. అట్టడుగున దీక్షిత, నలభై రోజులు అని ఉంది.

"నలభై రోజుల బిడ్డ ఏం పాపం చేసింది?"

"ఇంకా ఏం చెయ్యలే సార్" అన్నాడు పాస్టరు. "చేస్తాది."

రామానుజానికి ఈ మాట నచ్చలేదు. తాను చెయ్యనివన్నీ చెప్పాడు. తాగలేదు. పొగ తాగలేదు. పరాయి ఆడదాన్ని తలెత్తి చూడలేదు. లంచం ముట్టలేదు. ఒకసారి బస్సులో దొరికిన వాచీని పోలీస్ స్టేషన్లో ఇచ్చి, రసీదు కూడా తీసుకున్నాడు. పాస్టరు అన్నీ విన్నాడు. మధ్యలో ఒకసారి "మంచిది" అన్నాడు.

"తీసేస్తా సార్. అయితే మీ పేరు రాయించింది అక్క. రేపు ఆమె అడిగితే నేనేం చెప్పాల? మీరే ఒక కాగితంలో రాసిచ్చేయండి. నాలో పాపం లేదు, అందుకని తీసేయమన్నా అని. అక్కకు చూపిస్తా."

ఇది రామానుజానికి న్యాయంగా తోచింది. కాగితం ఉన్న పని సగం అయిన పని అని ఆయన నమ్మకం. పాస్టరు నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చించి, సంతకం పెడితే చాలునన్నట్టు ఆ మాటలు తానే రాసిచ్చాడు. రామానుజం రెండుసార్లు చదివాడు. ఒక అక్షరదోషం పట్టి దిద్దించాడు. తారీఖు వేయించాడు. జేబులోంచి పెన్ను తీసి మూత తీశాడు.

చెయ్యి కదల్లేదు.

ఆయన పక్షవాతమేమో అనుకున్నాడు. వేళ్ళు ముడిచి తెరిచి చూసుకున్నాడు. బాగానే కదులుతున్నాయి. మళ్ళీ కాగితం మీద పెట్టాడు. పెన్ను ముల్లు ఆనిన చోట చిన్న నీలం చుక్క పడింది. ఆ చుక్కను చూస్తుండగా, పందొమ్మిదేళ్ళ కిందటి ఒక గురువారం పొద్దు ఆయన ముందుకొచ్చి నిలబడింది.

ఆ రోజు వాన. ఫ్యాక్టరీ గేటుకూ ప్రెస్ షెడ్డుకూ మధ్య నీళ్ళు నిలిచి ఉన్నాయి. రామానుజం కాళ్ళకు కొత్త తోలు బూట్లు. రోజూ పొద్దున ఆరు ప్రెస్సుల దగ్గరికీ పోయి, చెయ్యి లోపలికి పోకుండా అడ్డం ఉండే ఇనుప గార్డును పట్టుకుని ఊపి చూసి, కార్డు మీద 'గార్డు సరిగా ఉంది' అని సంతకం పెట్టడం ఆయన పని. ఆ రోజు గేటు షెడ్డు కిందే నిలబడి ఆరు కార్డుల మీదా సంతకం పెట్టి, గొడుగు ఉన్న వాచ్‌మన్ చేత లోపలికి పంపాడు. మూడో ప్రెస్సు గార్డుకు ఒక బోల్టు ఊడిపోయి ఉంది. తొమ్మిదీ ఇరవైకి దాని మీద పనిచేసే మునుసామి కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి.

విచారణలో రామానుజాన్ని అడిగారు. ఏడున్నరకు చూశాను, గార్డు బిగుతుగానే ఉంది అన్నాడు. అయితే పని తొందరగా అవుతుందని మునుసామే గార్డు తీసేసి ఉంటాడా అని అడిగారు. ఉండొచ్చు అన్నాడు. ఆ 'ఉండొచ్చు'తో మునుసామి ఉద్యోగం పోయింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా రామానుజం ప్రతి గార్డునూ రోజుకు రెండుసార్లు ఊపి చూశాడు. ఆ షెడ్డులో మరెవరికీ గీత కూడా పడలేదు. దాంతో లెక్క సరిపోయిందనుకున్నాడు. ఆ సంగతి ఆయన మరిచిపోలేదు. గుర్తు చేసుకోలేదు, అంతే.

"ఏంది సార్, పెన్ను రాయడం లేదా?" అన్నాడు విజయరంగన్.

"రాస్తా ఉండాది" అన్నాడు రామానుజం. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. పేరు బోర్డు మీద అలాగే ఉండిపోయింది.

తొమ్మిది రోజులు ఆయన ఎవరిలోనూ తప్పు పట్టలేదు. అంబుజం భయపడి సుగర్ టెస్టుకు తీసుకుపోయింది. సుగర్ సరిగ్గానే ఉంది. పదో రోజు ఆయన పాత యూనియన్ మనిషికి ఫోన్ చేసి మునుసామి ఎక్కడున్నాడో కనుక్కున్నాడు. కదిర్కామంలో, మెడికల్ కాలేజీ దగ్గర జెరాక్సు షాపు.

ఇరుకు షాపు. ఒక మెషీను, ఒక బల్ల, గోడ నిండా పిల్లల రికార్డు నోట్సులు. మునుసామి కుడిచేతి బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఏమీ లేదు. ఆ రెండు వేళ్ళతోనే కాగితాల కట్టను పట్టుకుని, బల్ల మీద తట్టి, అంచులు సమం చేసి స్పైరల్ బైండింగ్ మెషీన్లో పెడుతున్నాడు. రామానుజాన్ని చూసి గుర్తుపట్టాడు. చేతిలో పని ఆపలేదు.

"రాండి సార్. ఎన్ని కాపీలు?"

"కాపీలకు రాలేదు మునుసామీ. ఒక మాట చెప్పాల." రామానుజం దారి పొడుగునా తయారు చేసుకున్న వాక్యాలేవీ నోటికి రాలేదు. "ఆ పొద్దున నేను చూడలేదు. గేటు దగ్గరే సంతకం పెట్టేసినా."

"తెలుసు" అన్నాడు మునుసామి.

"ఎట్లా తెలుసు?"

"నేను మెషిన్ ముందర నిలబడుకోని ఉండాను గదా సార్. గార్డు ఆడతా ఉండాది, మీకు చెప్పాలని చూస్తా ఉండా. మీరు రాలే. కార్డు వచ్చింది, సంతకం ఉండాది. సంతకం ఉంటే నడపాల. నడిపినా."

పందొమ్మిదేళ్ళూ ఆ సంగతి ప్రపంచంలో తనొక్కడికే తెలుసని రామానుజం అనుకుంటూ వచ్చాడు. ఎదుట నిలబడి ఉన్న మనిషికి మొదటి నిమిషం నుంచే తెలిసి ఉంటుందన్నది ఆయనకు ఒక్కసారైనా తట్టలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు చెకింగ్ చేసినవాడికి.

"నాకు తెలుసు సార్" అన్నాడు మునుసామి మళ్ళీ. "మీకు తెలుసా లేదా అనేదే నాకు తెలీలే. ఒక్కోసారి అనుకుంటా, నిజంగానే చూసినానని సారు అనుకుంటా ఉండాడేమో పాపం అని."

"నన్ను క్షమించు మునుసామీ."

మునుసామి కట్టను కింద పెట్టాడు. ఆలోచించాడు. అడిగినదాన్ని నిజంగానే ఆలోచించి జవాబు చెప్పే మనిషి ఆయన.

"అది నాతో కాదు సార్. ట్రై చేసినా. వేళ్ళంటే పోనీ, పని నేర్చుకున్నా. నా పెళ్ళాం పోయి ఆరేళ్ళయింది. నేనే గార్డు తీసేసినానని నమ్మే పోయింది. ఎంత చెప్పినా, సూపర్‌వైజరు ఎందుకు అబద్ధం చెప్తాడు, ఆయన తాగడు గదా అనేది. అదే నాకు దిగడం లేదు."

ఒక మెడికో పిల్ల ముప్ఫై పేజీలు కాపీ కావాలని వచ్చింది. మునుసామి మెషీన్ వైపు తిరిగాడు. రామానుజం కాసేపు నిలబడి, బస్టాపుకు నడిచాడు. రెండు బస్సులు ఖాళీగానే వచ్చినా ఎక్కలేదు. మూడోది ఎక్కాడు.

మర్నాడు విజయరంగన్ దగ్గరికి పోయాడు. ఈసారి కూర్చున్నాడు. జరిగిందంతా వరసగా చెప్పాడు, తారీఖులతో సహా. చెప్పి, "ఆయన క్షమించలే" అన్నాడు.

"ఆయన్ని ఎందుకు అడిగినారు?"

"తప్పా?"

"తప్పు కాదు. కానీ మీరు ఆయన దగ్గరికి పోయిందే తీసుకోడానికి. ఇంకా ఇవ్వాల్సింది ఇవ్వలే గదా. నిజం రాసివ్వండి. ఆయన పిల్లలకైనా తెలియాల."

"రాసిస్తా. ఇప్పుడే రాసిస్తా. అప్పుడు తీరిపోతుందా?"

"లేదు" అన్నాడు విజయరంగన్.

రామానుజానికి కోపం వచ్చింది. "ఇంకేం చెయ్యాల? ఆ షాపులో కూచోని ఆరు నెలలు ఊరికే పనిచేస్తా. నెలనెలా ఇంత అని ఇస్తా. ఏం చేస్తే తీరుతుందో చెప్పండి, చేస్తా."

"పోయిన ఆమెకు ఏం చేస్తారు?"

రామానుజం రాత్రంతా వెతికిందీ దానికే. ఆమెకు ఉత్తరం రాయలేడు. ఆమె ముందు నిలబడి నేను చూడలేదమ్మా అని చెప్పలేడు. ఆమె ఆయన మంచితనాన్ని నమ్మింది. తాగనివాడని నమ్మింది. ఇన్నేళ్ళూ తనకు గొప్పగా మిగిలిన ఆ ఒక్క సంగతే ఒక మొగుడి మాటను సొంత ఇంట్లో అబద్ధం చేసింది.

"ఏం చెయ్యలేను" అన్నాడు చివరికి. ఆ మాట ఆయన నోట ఇదివరకు రాలేదు.

"చెయ్యలేరు సార్. నేనూ చెయ్యలేను. అందుకే నా పేరు మొదట రాసుకున్నా. కండక్టరుగా ఉన్నప్పుడు నేను చేసినవి నాకున్నాయి. చెయ్యాల్సింది యేసు చేసేసినాడు. మీ బదులు ఆయన సిలువ మీద చచ్చినాడు. మీరు నమ్మాల, అంతే."

"నన్ను అడక్కుండానా?"

"మిమ్మల్ని అడిగుంటే అక్కర్లేదని అనుంటారు గదా."

రామానుజం ఆలోచించాడు. అనే ఉండేవాడు.

"ఊరికే వచ్చేదాన్ని నేను ఎప్పుడూ తీసుకోలేదు" అన్నాడు.

"అదే మీ కష్టం" అన్నాడు పాస్టరు, స్టాపు పేరు చెప్పినట్టు.

కింద పిండిమిల్లు మొదలైంది. నేల సన్నగా అదిరింది. రామానుజానికి మోకాళ్ళు వంగవు కాబట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే చేతులు కట్టుకున్నాడు. ప్రార్థన ఎలా చెయ్యాలో ఆయనకు తెలియదు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. దాని మీద నీలం చుక్క ఒక్కటే ఉంది. దాన్ని రెండుగా, నాలుగుగా చించి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే, పైకే చెప్పాడు.

"నేను చూడలే. చూసినానని చెప్పినా. ఆమె నన్ను నమ్మింది. ఇది నేను తీర్చలేను. నువ్వే తీసుకో."

మిల్లు చప్పుడులో ఆ మాటలు విజయరంగన్‌కు సగమే వినిపించాయి. ఆయన ఆమెన్ అన్నాడు. రామానుజానికి వెలుగేమీ కనిపించలేదు, ఒళ్ళు గగుర్పొడవలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారాయి. మిల్లులో మిరపకాయలు ఆడుతున్నాయేమో అనుకున్నాడు. కాదు, గోధుమలు. వాసన గోధుమలదే. అది తెలిశాక ఆయన ఇంకా ఏడ్చాడు. విజయరంగన్ ఫ్యాను ఒక పాయింటు పెంచి, బయట మెట్ల మీద కూర్చున్నాడు.

ఆ వారమే నిజం రాసిన కాగితం పట్టుకుని తట్టాంచావడి పోయాడు. ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడి నాలుగేళ్ళయింది. అక్కడిప్పుడు కొత్తవాళ్ళెవరో అట్టపెట్టెలు చేస్తున్నారు. వాళ్ళు కాగితం చదివి, చాలా బాధగా ఉందన్నారు, తమకు సంబంధం లేదన్నారు. రెండూ నిజమే. అక్కడినుంచి కదిర్కామం పోయాడు.

షాపులో మునుసామి కూతురు కీర్తిక ఉంది. ఆమెకు పక్కనున్న మెడికల్ కాలేజీలోనే ల్యాబులో పని. మధ్యాహ్నం తండ్రికి అన్నం తెచ్చింది. రామానుజం తానెవరో చెప్పి, కాగితం ఆమె చేతికే ఇచ్చాడు. తమిళంలో రాసింది, అర పేజీ. వాన, బూట్లు, గేటు, ఆరు కార్డులు, అబద్ధం. ఎక్కడా 'ఉండొచ్చు' లేదు.

కీర్తిక చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. తండ్రి వైపు తిరిగింది.

"నువ్వే తీసేసినావని ఎన్నిసార్లు నిన్ను తిట్టినా నేను. ఎందుకు చెప్పలే నాయనా?"

"చెప్పినా" అన్నాడు మునుసామి. "మీ అమ్మకు రోజూ చెప్పినా. నువ్వు పక్కనే ఉండావు."

కీర్తిక అన్నం క్యారియరు విప్పి తండ్రికి వడ్డించింది. మజ్జిగ కాస్త బల్ల మీద ఒలికింది. రామానుజం వైపు చూడకుండానే, "అంకుల్, మీరు ఇప్పుడు పోండి" అంది. రామానుజం పోయాడు. అలా అనడం సరైనదేనని దారిలో ఆయనకు అనిపించింది. నెల తిరక్కుండా ఆమే ఫోన్ చేసి, ఆ కాగితం అత్తకూ పెదనాన్నకూ పంపించానని చెప్పింది. ఇంకేమీ చెప్పలేదు. థాంక్స్ అనలేదు. రామానుజం ఎదురు చూడనూ లేదు.

బాప్తిస్మం తీసుకుంటున్నానని చెబితే ఆయన అన్న సీతాపతి రెండు నెలలు మాట్లాడలేదు. అంతకుముందు మాట్లాడింది కూడా పెద్దగా లేదు. గురు మాత్రం, "మామా, మీకెందుకు ఇది? మీరేం పాపం చేసినారు?" అని అడిగాడు. రామానుజం వీధిలోనే నిలబడి చెప్పాడు. గురు చివరిదాకా విని, చెప్పులు చూసుకుని, పని ఉందని ఇంట్లోకి పోయాడు. తర్వాత అడిగిన వాళ్ళందరికీ రామానుజం అలాగే చెప్పాడు. క్రమంగా వీధిలో ఆయన్ని మంచివాడనడం తగ్గింది. ఆయనకు అది మొదట్లో చొక్కా లేకుండా బయటికొచ్చినట్టు ఉండింది. తర్వాత గాలి బాగా తగిలినట్టు ఉండింది.

ఒక ఆదివారం పొద్దున ఆరింటికి, ఊరికి దక్షిణాన పడవలు లాగిన ఇసుకలో పదిహేనుమంది చేరారు. ఆయన ఈ కబురు మునుసామికి కూడా చెప్పి ఉన్నాడు, రమ్మని కాదు, తెలియాలని. విజయరంగన్ ముందు నడవగా, ఇంకో ఇద్దరు రామానుజాన్ని చెరో వైపు పట్టుకుని నడుంలోతు నీళ్ళలోకి తీసుకుపోయారు. ముంచబోయే లోపే ఒక అల వచ్చి నలుగురినీ ముంచింది. విజయరంగన్ లేచి ఉప్పునీళ్ళు ఉమ్మి, అది లెక్కలోకి రాదని చెప్పి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో మళ్ళీ ముంచాడు. రామానుజం పైకి లేచి దగ్గాడు. ఒడ్డు మీద పాట మొదలైంది.

రోడ్డు పక్కన స్కూటీ మీద మునుసామి కూర్చుని ఉన్నాడు. అంబుజం ఆ కుడిచెయ్యి చూసి ఆయనేనని గుర్తుపట్టింది. స్టీలు డబ్బాలోంచి రవ్వకేసరి ఒక ఆకులో పెట్టుకుని ఇసుకలో నడిచి ఆయన దగ్గరికి పోయింది.

మునుసామి ఆకు అందుకోలేదు. "అమ్మా, నేనింకా క్షమించలే. ఊరికే వచ్చినా. అది మీకు తెలియాల."

"సరి నాయనా. తినండి. దానికీ దీనికీ సంబంధం లేదు" అంది అంబుజం.

మునుసామి సముద్రం వైపు చూశాడు. ఇద్దరు మనుషుల మధ్య వేలాడుతూ, చొక్కా ఒంటికి అతుక్కుపోయి, రామానుజం ఒడ్డుకు వస్తున్నాడు. మునుసామి ఆకు అందుకుని, రెండు వేళ్ళతో కేసరి తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నెయ్యి బాగానే వేశారు. సగం తిన్నాక, కీర్తికకు ఇంత కట్టివ్వమని అడిగాడు.